వద్దన్నవాడికే ఉద్యోగం

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి డిలార్డ్ కోచ్ ఇంటి ముందు పచ్చికలో 'ఇల్లు అమ్మబడును' బోర్డులు పుట్టగొడుగుల్లా మొలిచి ఉన్నాయి. వాళ్ళిల్లు మాకు రెండిళ్ళ అవతల. ముందురోజు మా లాటిమర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పక్క ఊరు హాస్కిన్స్ కాలేజీ చేతిలో చిత్తుగా ఓడింది. వేరే ఎవరి చేతిలో ఓడినా ఈ ఊరు నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది గానీ, హాస్కిన్స్ చేతిలో ఓడితే మాత్రం క్షమించదు. ఎవరెవరి ఇళ్ళ ముందునుంచో అమ్మకం బోర్డులు పీక్కొచ్చి కోచ్ ఇంటి ముందు పాతడం ఇక్కడి ఆనవాయితీ. మూటాముల్లే సర్దుకోమని చెప్పడం అన్నమాట.

సరే, హెడ్ కోచ్ అన్నాక అది ఆయన ప్రారబ్ధం అనుకున్నాను. తీరా చూస్తే మా గులాబీ మొక్కల మధ్య కూడా ఒకటి పాతి ఉంది! నా ఒళ్ళు భగ్గున మండింది. మా ఆయనేమైనా హెడ్ కోచా? లైన్ కోచ్. ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని నెట్టే భారీ కుర్రాళ్ళు ఉంటారే, వాళ్ళకి ఎలా వంగాలో, చేతులెక్కడ ఆనించాలో, పాదం ఎలా తొక్కిపట్టాలో నేర్పే మనిషి. తన మానాన తను మోకాళ్ళకి మట్టి పూసుకుని ఇంటికొస్తాడు. ఆయన జోలికెందుకు? ఆ బోర్డుని పీకి చెత్త డబ్బాలో కుక్కాను. ఎవడు పాతాడో వాడి తాతలదాకా తిట్టాను. పక్కింటావిడ కిటికీ మూసేసుకుంది.

మధ్యాహ్నానికల్లా డిలార్డ్‌ని తీసేశారు.

ఈ వృత్తిలో ఒక దరిద్రం ఉంది. హెడ్ కోచ్ పోతే ఆయన కింద పనిచేసేవాళ్ళందరూ పోతారు. కొత్తగా వచ్చినవాడు తన మనుషుల్ని తను తెచ్చుకుంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేమిలా ఊళ్ళు పట్టుకుని తిరుగుతూనే ఉన్నాం. టెక్సాస్, కాన్సాస్, లూసియానా, మళ్ళీ టెక్సాస్. ఎక్కడికెళ్ళినా అద్దె ఇల్లు, అట్టపెట్టెలు, మొహం తెలియని చర్చి. మేం కొనుక్కున్నది ఈ ఇల్లొక్కటే. గ్యారేజీని బాగుచేయించి అందులో బ్యూటీ పార్లర్ పెట్టుకున్నాను. అలబామాలో ఈ మూల ఆడవాళ్ళ తలలన్నీ నా చేతిమీదుగానే ముస్తాబవుతాయి. ఊరికే వచ్చాయా ఆ తలలు? ప్రతి ఊళ్ళోనూ ఒక్కొక్క తలే సంపాదించుకోవాలి. అవి కాస్త మచ్చికయ్యేసరికి బండి కట్టాలి. ఇంక నావల్ల కాదు, ఈ ఇల్లు వదిలి అంగుళం కదలను అనుకున్నాను.

కదలకుండా ఉండాలంటే దారి ఒక్కటే. మా థర్మనే హెడ్ కోచ్ కావాలి.

క్రిస్మస్ లోపల ఇంకొక ఆట మిగిలింది. కొత్త కోచ్ దొరికేదాకా జట్టుని చూసుకోమని థర్మన్‌కే అప్పగించారు. సోమవారం టీవీ పిల్ల వచ్చి ఆయన మూతి దగ్గర మైకు పెట్టింది. "స్పైవీ కోచ్‌గారూ, హెడ్ కోచ్ పదవికి మీరూ పోటీలో ఉన్నట్టేనా?" అనడిగింది.

"లేనమ్మా. నాకొద్దు. నేను లైన్ కోచ్‌ని," అన్నాడు మా ఆయన, టోపీ సర్దుకుంటూ.

నేను సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఎందుకంటే ఈ వృత్తిలో తెలివైన మాట అదొక్కటే. 'నాకీ ఉద్యోగం కావాలి' అన్నవాడికి ఇక్కడ ఎవడూ ఇవ్వడు. పాపం యూబ్యాంక్స్ అని ఒకాయన ఉండేవాడు. డిలార్డ్ రాకముందు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని, కాలేజీ ఆటల డైరెక్టర్ విట్లో గదికెళ్ళి 'నాకివ్వండి సార్, ప్రాణం పెట్టి పనిచేస్తాను' అన్నాడు. భుజం తట్టి పంపించారు. ఆ తరవాత ఆయన ఫోనెత్తే నాథుడే లేకపోయాడు. అడిగాడంటే వీణ్ణి ఇంకెవరూ అడగలేదని లెక్క. అదే డిలార్డ్ చూడండి, 'నేనున్న చోట హాయిగా ఉన్నాను, లాటిమర్ ఎక్కడుందో కూడా తెలీదు' అని పేపర్లవాళ్ళ ముందు ప్రమాణాలు చేశాడు. మర్నాడు మా ఆకుపచ్చ టోపీ పెట్టుకుని విమానం దిగాడు. ఎవడు హాయిగా ఉన్నానంటాడో వాడి సామాను లారీకెక్కిందని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆ సాయంత్రం థర్మన్ ఇంటికి రాగానే వేడివేడి మొక్కజొన్న రొట్టె ముందు పెట్టాను.

"భలే అన్నావయ్యా!" అన్నాను.

"ఏమన్నాను?"

"వద్దన్నావుగా!"

"వద్దు కాబట్టి వద్దన్నాను."

"నా దగ్గర కూడా బేరమేనా? ఎన్నేళ్ళకి కాంట్రాక్టు రాసిస్తే ఒప్పుకుంటావో నాకైనా చెప్పు."

"నడీన్, నాకొద్దు."

"సరే సరే. మొహం అలాగే పెట్టు, బాగుంది. హార్గెట్ వచ్చినా అలాగే పెట్టు."

రొట్టె తింటూ నా వంక అదోలా చూశాడు. మంచి నటుడే, ఇన్నేళ్ళూ కనిపెట్టలేకపోయానే అనుకుని మురిసిపోయాను.

నటనైతే బాగానే ఉంది గానీ తక్కిన పనులుండవూ? హార్గెట్ అంటే కోళ్ళ దాణా మిల్లుల ఆసామి. కాలేజీకి స్టేడియం దీపాలు పెట్టించినవాడు, కోచ్‌ని ఎవర్ని తేవాలన్నా ముందు ఆయన తలూపాలి. పంది మాంసం కాల్పించి ఊళ్ళో పెద్దలందర్నీ విందుకి పిలిచాడు. మమ్మల్నీ పిలిచాడు. నేను కొత్త గౌను వేసుకుని కూర్చున్నాను. ఈ మహానుభావుడు రెండో ఏడు చదివే కుర్రాడికి నెట్టేటప్పుడు భుజం ఎత్తుగా లేస్తోందని, వాడితో కూర్చుని పాత ఆటల వీడియో చూస్తూ విందు సంగతే మర్చిపోయాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఆ కుర్రాడి భుజం రేపు కిందికి దిగదా? హార్గెట్ మొహం చూడాలా అక్కర్లేదా?"

"చూసి ఏం చెయ్యను?"

"నవ్వాలయ్యా! నవ్వితే చాలు! నీ సొమ్మేం పోతుంది?"

"నాకు ఊరికే నవ్వు రాదు," అన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఇలా మా ఇంట్లో మేం కొట్టుకుంటుంటే ఊరంతా ఆకాశం వంక చూడటం మొదలుపెట్టింది. కోచ్‌ని వెతకడానికి విట్లో హార్గెట్ సొంత విమానంలోనే వెళతాడు. దాని తోక ఆకుపచ్చ. ఆ విమానం ఎప్పుడు లేచింది, ఎటు పోయింది, ఎక్కడ దిగింది, అంతా ఫోన్లో చూడొచ్చు. ఇంకేం, పనీపాటా మానేసి అందరూ అదే చూడటం. నా పార్లర్‌లో మిస్ ఓపలీన్ అయితే తలకి రంగు రేకులు చుట్టించుకుని కూడా ఫోన్ వదలదు. ఆవిడ మొగుణ్ణి పూడ్చిన రోజున కూడా చెవిలో రేడియో పెట్టుకుని ఆట విన్న మనిషి.

"పిల్లా, లేచింది!" అని గావుకేక పెట్టిందొకరోజు.

"తల కదపకండి, రంగు చెవుల్లోకి పోతుంది."

"చెవులు పోనీవే! పడమటికెళ్తోంది. మిసిసిపీ దాటింది. ఆర్కన్సా! ఆర్కన్సాలో ఎవడున్నాడు? స్ట్రౌడ్ కోచ్ ఉన్నాడు! ఓరి దేవుడా, స్ట్రౌడ్‌ని తెస్తున్నారే!"

గంట తిరక్కుండానే ఊరంతా స్ట్రౌడ్ జపం. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఆయన పిల్లలు ఏ బళ్ళో చేరాలో కూడా తేల్చేశారు. సాయంత్రం టీవీలో స్ట్రౌడ్ కనిపించి 'నేనున్న చోట హాయిగా ఉన్నాను' అన్నాడు. ఇంక చెప్పాలా! కార్ల హారన్లు, పిల్లల కేరింతలు. బేకరీవాడు స్ట్రౌడ్ పేరుతో గొడుగంత కేకు చేశాడు. మర్నాడు విమానం తిరిగొస్తోందని తెలిసి కాలేజీ బ్యాండుతో సహా వందలమంది విమానాల మైదానానికి పరిగెత్తారు. మిస్ ఓపలీన్ సగం రంగుతోనే వెళ్ళింది. నన్నూ లాక్కెళ్ళింది. నేనెందుకెళ్ళానంటారా? నా ఇల్లు ఊడగొట్టడానికి వచ్చేవాడి మొహం చూద్దామని.

విమానం దిగింది. డోలు మోగింది. తలుపు తెరుచుకుంది. హార్గెట్ అత్తగారు దిగింది. ఆవిడకి ఆర్కన్సాలో మోకాలి చిప్ప మార్పించారట. చేతికర్ర పట్టుకుని మెట్లమీద నిలబడి, బ్యాండునీ కేకునీ జనాన్నీ చూసి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా మోకాలి కోసం ఇంతమంది వచ్చారా! ఎంత మంచి ఊరమ్మా ఇది!" అంది.

బ్యాండువాళ్ళు ఏం చెయ్యాలో తెలీక మొత్తం పాట వాయించేశారు. కేకు ఆవిడే కోసింది. ఇక స్ట్రౌడ్ మాట నిజమేనని తేలింది. ఆయన హాయిగానే ఉన్నాడు. మా ఊరి హడావిడి చూసి అక్కడివాళ్ళు భయపడి జీతం పెంచారు, ఇంకా హాయిగా ఉన్నాడు. నిజం చెప్పిన పాపానికి ఆయన్ని ఇక్కడ 'అబద్ధాలకోరు' అని తిట్టారు. వీళ్ళకేం చెప్పగలం!

ఆ అవమానంతో ఊరు కాస్త చల్లబడిందనుకుంటుంటే ఇంకో పుకారు లేచింది. మా థర్మన్ ట్రక్కు హాస్కిన్స్‌లో కనిపించిందట. ఒకసారి కాదు, రెండుసార్లు. పెట్రోలు బంకు దగ్గరొకసారి, స్కూలు రోడ్డులో ఒకసారి. అంతే, క్షణాల్లో లెక్క తేలిపోయింది. స్పైవీ వద్దు వద్దని ఎందుకంటున్నాడు? హాస్కిన్స్ వాళ్ళు ఎగరేసుకుపోతున్నారు గనక! మనదగ్గరున్న మాణిక్యాన్ని మనం గుర్తించలేదు, శత్రువులు గుర్తించారు!

మొన్నటిదాకా నా గులాబీల్లో బోర్డు పాతినవాళ్ళే ఇప్పుడు 'స్పైవీని వదలొద్దు' అని అట్టముక్కలు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. మా ఇంటికి కేకులు, మాంసం పళ్ళాలు, పీచ్ పళ్ళ పైలు రావడం మొదలైంది. ఫ్రిజ్‌లో పాలు పెట్టడానికి చోటు లేదు. మిస్ ఓపలీన్ నా చెయ్యి పట్టుకుని, "నీ మొగుడు ఇంత జాణ అనుకోలేదే పిల్లా," అంది. నాకు లోపల సంతోషమే. కానీ సందేహమూ ఉంది. హాస్కిన్స్ వాళ్ళ హెడ్ కోచ్ నిక్షేపంలా ఉన్నాడుగా, మమ్మల్ని ఓడించినందుకు వాళ్ళాయనకి గుడి కట్టేలా ఉన్నారుగా, మరి ఈయన అక్కడికెందుకెళ్ళినట్టు?

"హాస్కిన్స్ ఎందుకెళ్ళావు?" అనడిగాను.

"పనుండి."

"ఏం పని?"

"ఖాయమయ్యాక చెప్తాలే."

"కట్టుకున్నదాన్ని, నాకు చెప్పవా? ఊళ్ళోవాళ్ళు నన్నడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడాల్సొస్తోంది!"

"నువ్వు ఆశ పెట్టుకుంటావు నడీన్. తరవాత బాధపడతావు."

"ఆశ పెట్టుకోకపోతే ఈ వృత్తిలో నీతో ఎలా వేగాననుకుంటున్నావ్?" అని గరిట విసిరికొట్టాను. అది వెళ్ళి ఎవరిదో పై మీద పడింది. ఆయన తీసి, కడిగి, యథాస్థానంలో పెట్టాడు. ఆ నిదానం చూస్తే నాకింకా మండుతుంది.

శనివారం ఆ మిగిలిన ఒక్క ఆటా గెలిచారు. ఊరికి పూనకం వచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక విట్లో, హార్గెట్ స్వయంగా మా ఇంటికొస్తారని కబురందింది. 'స్పైవీయే మన హెడ్ కోచ్' అని ఆదివారం పేపర్లో పెద్దక్షరాలతో వేసేశారు. అడక్కుండానే, చెప్పకుండానే! నేను చర్చికి కూడా పోకుండా ఇల్లు తుడిచి, బట్టలు సర్ది, మంచి కప్పులు తీసి పెట్టాను. అప్పుడు ఫోన్ మోగింది.

"స్పైవీ కోచ్‌గారి ఇల్లేనాండీ? నేను మెక్‌కేబ్‌ని, హాస్కిన్స్ హైస్కూలు ప్రిన్సిపాల్‌ని."

హైస్కూలు? నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆయన చర్చిలో ఉన్నారండీ. నేను వాళ్ళావిణ్ణి."

"ఓ, నడీన్‌గారా! మీ గురించి చాలా చెప్పారండీ. పేపరు చూశాం, చాలా సంతోషం. కోచ్‌గారికి నా అభినందనలు చెప్పండి. మా ఉద్యోగం గురించి ఇక బెంగ పెట్టుకోవద్దని చెప్పండి. పొద్దున ఆ వార్త చూడగానే వేరే ఆయనకి మాటిచ్చేశాం."

"ఏ ఉద్యోగమండీ?"

నాకు తెలియదని ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది. మెల్లగా చెప్పాడు. తొమ్మిదో తరగతి పిల్లల జట్టుకి లైన్ కోచ్, దాంతోపాటు పిల్లలకి డ్రైవింగ్ నేర్పే పని. జీతం సగానికి సగం తక్కువ. "ఇంత పెద్దాయన ఈ చిన్న పని ఎందుకడుగుతున్నారా అనుకున్నామండీ. మా ఆవిడకి ఆ ఇల్లంటే ప్రాణం, ఇక్కడైతే రోజూ ఇంటినుంచే వచ్చిపోవచ్చు అన్నారు. రెండోసారి కూడా వచ్చి అడిగారు. మీకు తెలుసనుకున్నాను. క్షమించండి."

ఫోన్ పెట్టేశాను. వంటింట్లోకెళ్ళి గుట్టగా పేర్చిన కేకుల ముందు నిలబడ్డాను. వద్దు, వద్దు, వద్దు. ఆ మనిషి ఎన్నిసార్లు చెప్పాడు! టీవీ పిల్లకి చెప్పాడు, విట్లోకి చెప్పాడు, రొట్టె తింటూ నాకు చెప్పాడు. ఊళ్ళోవాళ్ళంటే మూర్ఖులు. ఆయన పక్కన పడుకునే నాకేమొచ్చింది?

చర్చి నుంచి రాగానే, "హాస్కిన్స్ నుంచి ఫోనొచ్చింది. వేరేవాళ్ళకి ఇచ్చేశారట," అన్నాను.

థర్మన్ కోటు విప్పబోతున్నవాడల్లా ఆగిపోయాడు. తరవాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పేపరు చూసి ఉంటారు," అన్నాడు.

"హెడ్ కోచ్ ఎందుకొద్దు నీకు? ఈ ఒక్కసారి నేను నోరుమూసుకుని వింటాను. చెప్పు."

ఆయన అరచేతులు చూసుకుంటూ మొదలుపెట్టాడు. "డిలార్డ్ ఒకప్పుడు మంచి లైన్ కోచ్ తెలుసా? నాకంటే బాగా నేర్పేవాడు. హెడ్ కోచ్ అయ్యాక మైదానంలో మోకాలు వంచలేదు. విందులు, ఉపన్యాసాలు, హార్గెట్‌లు. మొన్న చివరి రోజు సామాను తీసుకోవడానికొచ్చి, ఎదురుపడ్డ కుర్రాణ్ణి నీ పేరేంటి బాబూ అనడిగాడు. వాడు మూడేళ్ళుగా మన జట్టులో ఆడుతున్నాడు నడీన్. నాకు ఆ పిల్లల దగ్గర కూర్చోవడం తప్ప ఇంకేం రాదు. ఇంకేం అక్కర్లేదు కూడా."

బయట కారు ఆగిన చప్పుడైంది.

"పోనీలే. ఇప్పుడు ఒప్పుకుంటాను. ఇంకేం దారి లేదుగా. నీ ఇల్లు నీకుంటుంది," అని లేచాడు.

విట్లో ముందు వచ్చాడు, వెనకాల హార్గెట్, చేతిలో ఆకుపచ్చ టోపీ. దాన్ని బల్లమీద కేకుల మధ్య పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇంక నాన్చొద్దు కోచ్. మూడేళ్ళకి రాసిస్తాం. ఏమంటావు?" అన్నాడు.

థర్మన్ నోరు తెరిచాడు. మాట రాలేదు. చేతులు బల్లకింద పెట్టుకున్నాడు. వాటితో మోకాళ్ళు గట్టిగా పట్టుకోవడం నా వైపు నుంచి నాకొక్కదానికే కనిపిస్తోంది.

హార్గెట్ విట్లో వంక చూసి కన్నుకొట్టాడు. "గట్టివాడు. సరే, నాలుగేళ్ళు."

థర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"అయిదు! ఇంక ఒక్క నెల కూడా పెంచను. కొత్త ట్రక్కు కూడా."

"ఆయనకి వద్దండీ," అన్నాను నేను.

హార్గెట్ పగలబడి నవ్వాడు. "విట్లో, విన్నావా? ఈవిడ మొగుడి తల దన్నేలా ఉందయ్యా! సరే తల్లీ, నీకు కూడా. మెయిన్ రోడ్డుమీద మంచి పార్లర్ కట్టిస్తాను, పెద్ద అద్దాలతో. ఇప్పుడు చెప్పు."

"నేను బేరమాడటంలేదండీ. నిజంగానే వద్దు. ఆయనకిష్టం లేదు."

"ఆరేళ్ళు!" అన్నాడు హార్గెట్, బల్ల చరిచి. ఆయనకి ఎంత సంతోషంగా ఉందో! చెవిటివాడి ముందు శంఖమూదినట్టే ఉంది. విసుగొచ్చి ఏడవాలనిపించింది. వద్దంటే వినరు, వద్దన్నకొద్దీ పెంచుతారు. పక్కన థర్మన్ తల వంచుకుని, "సరే..." అని మొదలుపెట్టాడు. ఇంకొక్క మాటైతే అయిపోయేది.

నేను హార్గెట్ చెయ్యి రెండు చేతులతో పట్టేసుకున్నాను.

"ఇప్పించండి బాబూ! ఆయన సిగ్గుపడి చెప్పడంలేదు గానీ మొదట్నుంచీ ఆ ఉద్యోగం మీదే ప్రాణం. ఏళ్ళు మీ ఇష్టం, ఒక్క ఏడాదైనా చాలు. జీతం ఇప్పుడిచ్చేదే ఇవ్వండి, ఇంకా తగ్గించినా సరే. మాకు ఇంకెవరూ లేరు బాబూ, మీరే దిక్కు!"

హార్గెట్ నవ్వు ఆగిపోయింది. "మరి హాస్కిన్స్ వాళ్ళు...?"

"హాస్కిన్సా! హాస్కిన్స్ కాలేజీ ఎవరికి కావాలండీ? అక్కడి హైస్కూల్లో చిన్నపిల్లల జట్టుకి ఉద్యోగం అడిగాడు. వాళ్ళు కూడా ఇవ్వలేదు! కావాలంటే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ఈయన్ని ఎవ్వరూ అడగలేదండీ. మీరొక్కరే వచ్చారు. పెన్నుందా? ఇప్పుడే సంతకం పెట్టేస్తాడు. థర్మన్, సంతకం పెట్టు!"

వాళ్ళ మొహాలు ఎలా వాడిపోయాయో చెప్పలేను. సంతలో దూడ పళ్ళు చూసి వెనక్కి తగ్గే బేరగాళ్ళలా ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి జరిగారు. విట్లో గడియారం చూసుకున్నాడు. "ఇంకా కమిటీలో కూడా మాట్లాడాలి... కొన్ని పద్ధతులుంటాయి కదా..." అని నసిగాడు. హార్గెట్ తన చేతిని నా చేతుల్లోంచి మెల్లగా లాక్కున్నాడు. అందాకా థర్మన్ వంక తినేసేలా చూసినవాడు, ఇప్పుడు ఆయన వంక చూడను కూడా లేదు.

"మేం కబురు చేస్తాం," అన్నాడు లేస్తూ. నా భుజం తట్టాడు. బల్లమీద టోపీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"తొందరగా చెయ్యండి బాబూ!" అని గుమ్మందాకా వెంటపడ్డాను. వాళ్ళ అడుగులు వడివడిగా పడ్డాయి. కారు రోడ్డు మలుపు తిరిగేదాకా చెయ్యూపి, తలుపు వేసి వెనక్కి తిరిగాను.

థర్మన్ ఇంకా అక్కడే కూర్చున్నాడు. మొహంలో రక్తం తిరిగొచ్చింది. ఏం జరిగిందో ఆయనకి నెమ్మదిగా అర్థమవుతోంది.

"రేపు ఊరంతా నిన్నే తిడుతుంది. చేతికందిన ఉద్యోగం పెళ్ళాం నోటివల్ల పోయిందంటారు," అన్నాడు.

"అననీ. ఓపలీన్ అయితే నా ముందే అంటుంది."

"మనం మళ్ళీ వెళ్ళిపోవాలి."

"తెలుసు. ఎవరికైనా లైన్ కోచ్ కావాలేమో కనుక్కో. ఎక్కడైనా సరే."

ఆయన లేచి నా దగ్గరికొచ్చాడు. "నీకీ ఇల్లు కావాలి కదే," అన్నాడు.

నేను ఆ మాట కొట్టిపారేద్దామనుకున్నాను. ఇల్లేముంది, గోడలే కదా అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళూ ఈ మనిషి నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"కావాలి థర్మన్. చాలా కావాలి," అన్నాను, ఏడుస్తూ.

"నాకు తెలుసు," అన్నాడు.